మూడు విడతల అన్నం: ప్రవాస తెలుగు ఇళ్లలో మధుమేహ నివారణ

(న్యూజెర్సీలోని ఒక తెలుగు సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, పండుగ పూట పిల్లాపాపలతో ఇంత దూరం వచ్చిన మీ అందరికీ నమస్కారం. ఆరోగ్యం గురించి ఒక పావుగంట మాట్లాడమని కార్యవర్గం వారు అడిగారు. పావుగంటలో ఆరోగ్యమంతా చెప్పలేను కాబట్టి, ఆహార నిపుణురాలిగా రోజూ నా ముందుకు వచ్చే ఒకే ఒక్క సమస్యను ఎంచుకున్నాను. మన ఇళ్లలో షుగరు వచ్చాక వైద్యం చేయించుకోవడానికి వెనుకాడేవారు లేరు. రాకముందే ఆపడానికి ఈ దేశంలో ఉన్న మంచి కార్యక్రమాలు మాత్రం మన గుమ్మం దాకా వచ్చి ఆగిపోతున్నాయి. వాటిని లోపలికి ఎలా తెచ్చుకోవాలన్నదే ఈ పూట నా మాట.

మన పరిస్థితి ఏమిటో ముందు అంకెల్లో వినండి. శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలోనూ షికాగోలోనూ స్థిరపడిన దక్షిణాసియా వారిని 906 మందిని 2010 నుంచి 2013 వరకు పరీక్షించిన ‘మసాలా’ అధ్యయనం, వయసులోని తేడాలను సరిచేసి చూసినా మనవారిలో 23 శాతం మందికి మధుమేహం ఉన్నదని తేల్చింది. అదే పోలికలో తెల్లజాతి వారిలో 6 శాతం, చైనా మూలాల వారిలో 13, లాటినోలలో 17, నల్లజాతి వారిలో 18 శాతం మందికి ఉన్నది. మనం లావుగా కనిపించకపోయినా కొవ్వు పొట్టలోనూ కాలేయంలోనూ చేరుతుంది; ఇన్సులిన్ తయారుచేసే శక్తి మనలో చిన్న వయసులోనే తగ్గడం మొదలవుతుంది. అందుకే 2015లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్, ఆసియా మూలాల వారికి బీఎంఐ (ఎత్తుకు తగిన బరువును చూపే అంకె) 25 దాకా ఆగకుండా 23 దగ్గరే పరీక్ష మొదలుపెట్టాలని చెప్పింది. అయిదడుగుల ఆరంగుళాల మనిషికి 23 అంటే దాదాపు 65 కిలోలు, అంటే 142 పౌండ్లు. ఈ హాలులో అంత బరువుండి, తన ఒంటికి ఏమీ కాదని నిశ్చింతగా ఉన్నవారు ఎందరో ఒక్కసారి ఆలోచించండి. ఉపవాసపు షుగరు 100 నుంచి 125 మధ్య ఉన్నా, రెండు మూడు నెలల సగటు షుగరును చూపే ఏ1సీ పరీక్షలో 5.7 నుంచి 6.4 శాతం మధ్య ఉన్నా దానిని ప్రీడయాబెటిస్ అంటారు. మనం దానిని ‘బోర్డర్‌లో ఉంది’ అనుకొని వచ్చే ఏడాదికి వాయిదా వేస్తాం. చేయగలిగినది చాలావరకు ఆ దశలోనే ఉన్నది.

చేయగలమని రుజువు కూడా అయింది. 2002లో వెలువడిన అమెరికా మధుమేహ నివారణ అధ్యయనంలో 3,234 మంది పాల్గొన్నారు. శరీరపు బరువులో 7 శాతం తగ్గించుకోవడం, వారానికి 150 నిమిషాలు నడవడం లాంటి లక్ష్యాలతో శిక్షణ పొందినవారిలో, అది పొందనివారితో పోలిస్తే, కొత్తగా మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర వాడినవారిలో 31 శాతమే తగ్గింది. ఆ పద్ధతినే ఏడాది పొడవునా సాగే తరగతులుగా మలిచి, మొదటి ఆరు నెలల్లో 16 పాఠాలు పెట్టి, దేశమంతటా నడుపుతున్నారు. 2018 ఏప్రిల్ నుంచి, ముఖ్యంగా 65 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా అయిన మెడికేర్ కూడా దాని ఖర్చు భరిస్తున్నది. మన దగ్గరా, చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం 531 మందితో చేసి 2006లో ప్రకటించిన అధ్యయనంలో ఆహారం, నడక మార్చుకున్నవారికి మధుమేహం వచ్చే అవకాశం 28.5 శాతం తగ్గింది. అందులో మరో విశేషం ఉన్నది. వారి బరువు చెప్పుకోదగినంతగా తగ్గలేదు, అయినా వ్యాధి తగ్గింది. తూకపు ముల్లు కదలలేదని రెండు నెలలకే నిరుత్సాహపడి మానేసేవారు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఇంత మంచి పద్ధతి ఉండగా మన ఇళ్లలోకి ఎందుకు రాలేదు? ఇక్కడ నా మనసులో చాలాకాలంగా ఉన్న ఒక బాధ చెప్పుకోవాలి. మా వారికి ఏ1సీ 6.1 వచ్చినప్పుడు ఆయన వెళ్లిన క్లినిక్‌లో ఒక కాగితం చేతిలో పెట్టి పంపారు. పొద్దున ఓట్‌మీల్, మధ్యాహ్నం కాల్చిన కోడిమాంసం, సలాడ్, రాత్రి చేప, ఉడికించిన బ్రోకలీ. ఆయన పుట్టుశాకాహారి, ఆ సంగతి అడిగినవారు లేరు. ఇంట్లో వంట ఎవరు చేస్తారని గానీ, రాత్రి ఎన్నింటికి తింటారని గానీ అడగలేదు. ఆ కాగితంలోని పదార్థాల్లో మా ఇంట్లో వాడేవి పాలు, యాపిల్ పళ్లు. అన్నం పేరు ఒక్కచోట వచ్చింది, అరకప్పు అని. పప్పు మాట లేదు, పెరుగు మాట లేదు, ఇడ్లీ దోసెల మాట లేదు. నేను ఈ వృత్తిలో ఉన్నదాన్ని కనుక మా ఇంట్లో దారి దొరికింది. అదే కాగితం పట్టుకొని ఇంటికి వెళ్లే మరో తెలుగు కుటుంబం గతేమిటి? నాలుగు రోజులు ఓట్స్ తిని, అయిదో రోజు నీరసం వచ్చిందని మానేసి, ‘మన ఒంటికి ఈ తిండి పడదు’ అని తీర్మానించుకుంటారు. నివారణ అన్న ఆలోచన మీదే నమ్మకం పోతుంది. ఇది ఆ మనిషి క్రమశిక్షణ లోపం కాదు. ఎదుటివాడి పళ్లెంలో ఏముందో చూడకుండా ఇచ్చిన సలహా లోపం.

ఆ పళ్లెం సంగతే చెబుతాను, కొంచెం ఓపికగా వినండి. మనవారి కోసం నేను నడిపే తరగతిలో ఒక పాఠానికి రైస్ కుక్కర్, సోనామసూరి బియ్యం, వంటింటి తూకం తీసుకువెళ్తాను. ఇంట్లో వడ్డించుకున్నట్టే వడ్డించుకోమంటాను. ఒక పెద్దమనిషి, తాను అన్నం బాగా తగ్గించేశానని చెప్పిన ఆయన, మొదట పప్పులోకి వడ్డించుకున్నారు, దానిని తూచాం. చారులోకి మళ్లీ వడ్డించుకున్నారు, తూచాం. పెరుగులోకి ‘కొంచెమే’ అంటూ వడ్డించుకున్నారు, అదీ తూచాం. మూడూ కలిపితే 450 గ్రాములు అయింది. వంద గ్రాముల అన్నంలో దాదాపు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. అంటే ఒక్క పూటకు, అన్నం నుంచే, 126 గ్రాములు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఏ విడతకు ఆ విడత నిజంగానే తక్కువగా ఉన్నది. మన భోజనం ఒక పళ్లెంలో ఒక్కసారి వడ్డించుకొని ముగించేది కాదు, మూడుసార్లు మొదలయ్యేది. ‘పళ్లెంలో పావు వంతు అన్నం’ అని గీసిన అమెరికా బొమ్మకు ఈ సంగతి తెలియదు. ఆ బొమ్మను తూచా తప్పకుండా పాటించి, పావు పళ్లెం అన్నాన్ని మూడుసార్లు తినేవారిని నేను చూశాను.

ఆ రోజు దీనికి పరిష్కారం నేను చెప్పలేదు. కొడుకు దగ్గరికి తెనాలి నుంచి వచ్చి, కోడలితో పాటు తరగతికి వచ్చిన ఒక పెద్దావిడ చెప్పారు. “చారుకు అన్నం ఎందుకమ్మా, గ్లాసులో పోసి ఇస్తే తాగుతారు. ముద్దపప్పు గిన్నెలో వేసి, బీరకాయ కూర ఎక్కువ పెట్టి ముందు అవి తిననివ్వు. అన్నం పెరుగులోకి ఉంచు. పెరుగన్నం తినకుండా మా వాడు లేవడు” అన్నారు. “పిన్నిగారూ, ఇదే పాఠం” అన్నాను. కూర, పప్పు ముందు తిని అన్నం చివరకు తినడం వల్ల రక్తంలో చక్కెర ఒక్కసారిగా పైకి లేవదు. అన్నం కొలత మూడో వంతుకు దిగుతుంది. భోజనం చేసిన తృప్తి మిగులుతుంది. ఆవిడ ఏ పరిశోధనా చదవలేదు. తన కొడుకు ఏది వదలగలడో, ఏది వదలలేడో ఆవిడకు తెలుసు. సంస్కృతికి తగిన కార్యక్రమం అంటే నా దృష్టిలో అదీ. కరపత్రం మీద చీర కట్టుకున్న స్త్రీ బొమ్మ వేసి, బ్రెడ్ ఉన్నచోట చపాతీ అని దిద్దితే అయిపోయేది కాదు.

ఇక్కడ ఒక చేదు ఫలితాన్ని కూడా మీ ముందు పెట్టాలి, దాచకూడదు. షికాగో ప్రాంతంలో దక్షిణాసియా వారి కోసమే తీర్చిదిద్దిన ‘సహేలీ’ అనే కార్యక్రమాన్ని 549 మందితో పరీక్షించారు. 2024లో వచ్చిన ఫలితాల ప్రకారం, ఏడాది తరువాత చూస్తే తరగతులకు వచ్చినవారికీ, అచ్చువేసిన సమాచారం మాత్రమే అందుకున్నవారికీ మధ్య బరువులో గానీ, రక్తపోటులో గానీ, కొలెస్ట్రాల్‌లో గానీ, ఏ1సీలో గానీ చెప్పుకోదగిన తేడా రాలేదు. ఇది విని, మనకు ఇవేవీ పనిచేయవని కొందరు అంటారు. నేను అలా అనుకోను. తరగతి గదిలో పాఠం మనకు తగినట్టు ఉండటం అవసరమే కానీ, ఇంటికి వెళ్లాక వంటా, పనివేళలూ, విందులూ ఎప్పటిలాగే ఉంటే ఆ పాఠం ఒంటరిదైపోతుందని నా అభిప్రాయం. స్కాట్లాండులో ఆచార్య రాజ్ భోపాల్ బృందం భారత, పాకిస్తాన్ మూలాల వారితో చేసి 2014లో ప్రకటించిన అధ్యయనంలో 156 కుటుంబాలు పాల్గొన్నాయి. అక్కడ మనిషిని కాక కుటుంబాన్నే లెక్కలోకి తీసుకున్నారు. ఆహార నిపుణులు మూడేళ్లలో 15 సార్లు కలిశారు. నాలుగుసార్లే కలిసిన వారితో పోలిస్తే బరువు 1.6 కిలోలు ఎక్కువగా తగ్గింది. మధుమేహమే తగ్గిందని గట్టిగా చెప్పడానికి ఆ అధ్యయనం పెద్దది కాదు. అయినా మూడేళ్ల పాటు నిలిచిన మార్పు చిన్నది కాదు. మనకు పొరుగునే, న్యూయార్క్ క్వీన్స్‌లో, సిక్కు కుటుంబాల కోసం న్యూయార్క్ యూనివర్సిటీ వారు చేపట్టిన కార్యక్రమం గురుద్వారాలను ఆధారం చేసుకొని, ఆ సమాజంలోంచి వచ్చిన ఆరోగ్య కార్యకర్తల చేతుల మీదుగా నడిచింది. వారి గురుద్వారా చేయగలిగిన పని మన గుడీ, మన సంఘమూ ఎందుకు చేయలేవు?

అమ్మలారా, అయ్యలారా, మీలో వంట చేసేవారు ఒక్కసారి చేతులెత్తండి. మధుమేహం భర్తకు రాబోతున్నా, మామగారికి రాబోతున్నా, ఆ తరగతికి రావలసింది మీరు కూడా. ఇంకొక మాట అనక తప్పదు. వంట చేసేవారి మీదే భారమంతా వేసి, ‘ఆయన షుగరు నీ చేతిలో ఉంది’ అనడం అన్యాయం. ఆఫీసు ముగించి వచ్చి, ఒక పొయ్యి మీద ఆయనకూ ఇంకో పొయ్యి మీద పిల్లలకూ వేరువేరుగా వండే ఆడవాళ్లను నేను రోజూ చూస్తున్నాను. పెసలతో చేసిన పెసరట్టు, బీరకాయ, దొండకాయ, గోంగూర, పలచని మజ్జిగ: ఇవి రోగి కోసం ప్రత్యేకంగా వండేవి కావు, ఇంటిల్లిపాదీ తినేవి. మార్పు కూడా ఇంటిల్లిపాదికీ ఒకటే కావాలి. అలాగే అమ్మానాన్నలు ఇక్కడికి వచ్చి ఆరేసి నెలలు ఉంటారు. వారు కారు నడపలేరు, జనవరి చలిలో వీధిలో నడవలేరు; ఊళ్లో ఉన్న పొద్దుటి నడక ఇక్కడ పోతుంది. వారిని ఏ బీమా కార్యక్రమమూ లెక్కలోకి తీసుకోదు. వారిని పొద్దున మాల్ తెరిచే వేళకు దింపి, నలుగురినీ కలిపి అరగంట నడిపించడానికి ఒక్క కారూ, ఒక్క మనిషీ చాలు. వారానికి అయిదు రోజులు నడిస్తే ఆ 150 నిమిషాలూ పూర్తవుతాయి.

కార్యవర్గం వారితో ఒక మాట. మన సభల్లో భోజనం రాత్రి తొమ్మిదిన్నరకు మొదలవుతుంది. పులిహోర, బిర్యానీ, బొబ్బట్లు, గులాబ్ జామూన్ ఒకే వరసలో ఉంటాయి. కూర ఒకటే, అది కూడా వేపుడు. పండుగ నాడు బొబ్బట్టు వద్దనే కఠినత్వం నాకు లేదు. ఏడున్నరకే వడ్డించండి. వరసలో మొదట కూరలూ పప్పూ పెట్టి, అన్నాలు చివరకు జరపండి. శీతల పానీయాల సీసాల స్థానంలో మజ్జిగ పెట్టండి. వీటికి అదనంగా డబ్బు ఖర్చు కాదు. ఈ ఒక్క తీర్మానం ఈ రాత్రికే చేయమని సభాముఖంగా అడుగుతున్నాను.

చివరిగా, ఆదివారాలు పిల్లల తెలుగు తరగతులు జరిగే రెండు గంటలూ తల్లిదండ్రులు పార్కింగ్ స్థలంలో కార్లలో కూర్చొని ఫోన్లు చూసుకుంటున్నారు. ఆ వేళకే, ఆ భవనంలోనే, పక్క గదిలో పెద్దల తరగతి పెడదాం. వచ్చే నెల మొదటి ఆదివారం నుంచి నేను వస్తాను. మెడికేర్ ఉన్నవారిని గుర్తింపు పొందిన కార్యక్రమంలో చేర్పించడానికి కాగితాలు నింపిపెడతాను. లేనివారికి, అమ్మానాన్నలకు, నేనే ఉచితంగా చెబుతాను. తరగతికి జంటగా రండి, వంట చేసేవారిని వెంట తీసుకొని రండి, కిందటి రక్తపరీక్ష కాగితం తెచ్చుకోండి. బయటి బల్ల దగ్గర పేర్లు రాసుకునే పుస్తకం, నడుము కొలిచే టేపు ఉంచాను. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే పరీక్ష చేయించుకోవాలి. భోజనానికి వెళ్లేముందు ఆ బల్ల దగ్గర ఆగి, కొలత చూసుకొని పేరు రాసి వెళ్లండి.