సలహాలు బోలెడు, "మళ్లీ వచ్చి చెప్పు" అనేవాళ్లేరి?

నమస్కారం అండీ. ముందు ఒక చిన్న ప్రశ్న. "కౌన్సెలింగ్" అన్న మాట వినగానే మీకేం గుర్తొస్తుంది? మనలో చాలామందికి ఎంసెట్ కౌన్సెలింగే, ఇప్పుడు పేరు మారిందనుకోండి, అదే వెబ్ ఆప్షన్లు, సర్టిఫికెట్ల వెరిఫికేషన్, ఏ కాలేజీలో సీటొచ్చింది ఆ గోల. ఇంకోటి పేపర్లో చూస్తుంటాం, "రౌడీషీటర్లకు పోలీసుల కౌన్సెలింగ్" అని. అంటే వరసగా నిలబెట్టి వాయించడం అన్నమాట. ఒక మనిషి పక్కన కూర్చుని ఇంకో మనిషి చెప్పేది వినడం అనే అర్థం మాత్రం ఆ మాటకి మన దగ్గర ఇంకా సరిగ్గా అంటుకోలేదు.

నేను ఇంటర్ విజయవాడలో హాస్టల్లో ఉండి చదివాను. ఏ కాలేజీ అని అడక్కండి, పేరు చెప్పను, చెప్పినా పెద్ద తేడా ఉండదు. పొద్దున్నే స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, వారం వారం టెస్ట్, మార్కుల్ని బట్టి సెక్షన్ మార్చేయడం. సెకండియర్లో నన్ను పై సెక్షన్ నుంచి కిందికి దింపారు. ఆ రోజు సాయంత్రం నాతో పాటు దిగిపోయిన పదిమందిని ఒక రూమ్‌లో కూర్చోబెట్టి సార్ గంటసేపు మాట్లాడారు, "మీ నాన్న అప్పు చేసి ఫీజు కడుతున్నాడు, గుర్తుందా" అని. దానికి వాళ్లు పెట్టిన పేరు మోటివేషన్ క్లాస్. గుర్తుంది సార్, గుర్తుండబట్టే కదా నిద్ర పట్టనిది!

ఆ వారం నాకు అన్నం దిగలేదు. అది కనిపెట్టింది లెక్చరర్ కాదు, వార్డెన్ కాదు, నా రూమ్మేట్లు కూడా కాదు. మెస్‌లో పనిచేసే ఆయమ్మ. కంచాలు తీసే చోట నిలబడి ఉండేది కాబట్టి ఎవడి కంచంలో ఎంత మిగిలిందో ఆవిడకే తెలిసేది. "ఏం బాబూ, మూడ్రోజుల్నుంచి కంచం అట్లాగే పెట్టేసి పోతున్నావు, పప్పు బాలేదా?" అంది. బాగానే ఉంది ఆయమ్మా అన్నాను. "మరి?" అంది. నేనేం మాట్లాడలేదు. అప్పుడు ఆవిడ నన్ను ఏమీ అడక్కుండా వంటింటి గుమ్మంలో పీట వేసి, చేటలో ఇన్ని వెల్లుల్లిపాయలు పోసి నా ముందుకి తోసింది, వొలవమని. ఆవిడా ఎదురుగా కూర్చుని వొలుస్తోంది. ఒకరి ముఖం ఒకరు చూసుకోనక్కర్లేదు, చేతుల్లో పని ఉంది. పది రెబ్బలు వొలిచేసరికి అంతా చెప్పేశాను.

ఆవిడ ఓదార్చలేదండీ. "అన్నీ పోయాయా, ఒకటే పోయిందా?" అని అడిగింది. ఒక్క ఫిజిక్సే. "ఆ సార్‌ని అడిగావా?" భయం ఆయమ్మా. "రేపు టిఫిన్ అయ్యాక అడుగు. అడిగి మధ్యాహ్నం వచ్చి నాకు చెప్పు." అంతే. ఫిజిక్స్ సార్ ఏం చేశాడో నాకు పెద్దగా గుర్తులేదు, ఏవో రెండు ప్రాబ్లమ్స్ చేసి చూపించాడనుకుంటా. కానీ మధ్యాహ్నం ఒక మనిషికి వెళ్లి చెప్పాలి అన్న సంగతి ఉందే, ఆ రోజు పొద్దున నన్ను స్టాఫ్ రూమ్ దాకా నడిపించింది అదే.

దీన్ని నేను ఏళ్ల తరబడి "పాపం మంచావిడ" అనే ఖాతాలో వేసి పెట్టుకున్నాను. తర్వాత జింబాబ్వే సంగతి చదివాక ఉలిక్కిపడ్డాను. ఎందుకంటే ఆవిడ చేసినదాన్ని అక్కడ ఒక పద్ధతిగా నేర్పుతున్నారు.

జింబాబ్వే రాజధాని హరారే. 2005లో అక్కడి ప్రభుత్వం మురికివాడల మీద, వీధి వ్యాపారాల మీద పడి కూల్చేసింది. ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం దాదాపు 7 లక్షల మంది ఇల్లో, బతుకుతెరువో, రెండూనో పోగొట్టుకున్నారు. దేశం మొత్తానికి మానసిక వైద్యులు డజను మందికి అటూ ఇటూ. వాళ్లలో ఒకాయన డాక్టర్ డిక్సన్ చిబాండా. ఆయన దగ్గర చూపించుకుంటున్న ఒక అమ్మాయి ఆత్మహత్య చేసుకుంది. ఆసుపత్రికి ఎందుకు రాలేకపోయారని తల్లిని అడిగితే, బస్సు చార్జీకి 15 డాలర్లు లేవు అంది. ఆ మాట ఆయన్ని కుదిపేసింది. ఆసుపత్రికి రమ్మని ఎన్ని బోర్డులు పెడితే మాత్రం ఏం లాభం, వాళ్ల గడప దగ్గరికి మనం పోకపోతే?

2006లో హరారేలోనే ఎంబారే అనే పేదల పేటలో, ఈ పని మొదలుపెట్టడానికి ఆయనకి ఇచ్చింది ఎవరినంటే, 14 మంది అమ్మమ్మల్ని. నిజంగానే. అప్పటికే ఆరోగ్య శాఖ తరఫున ఇల్లిల్లూ తిరిగే పెద్దావిడలు. క్లినిక్‌లో గది ఖాళీ లేదు, అందుకని ఆవరణలో చెట్టు కింద చెక్క బల్ల వేశారు. డాక్టర్ గారు దానికి మెంటల్ హెల్త్ బెంచ్ అని పేరు పెడితే, ఆ పేరు పెడితే దీని మీద ఒక్కరూ కూర్చోరు అని అమ్మమ్మలు తేల్చేశారు. వాళ్లే పేరు మార్చించారు, ఫ్రెండ్‌షిప్ బెంచ్ అని. డిప్రెషన్ అనే మాట కూడా వాడరు. వాళ్ల షోనా భాషలో కుఫుంగిసిస అంటారు, అంటే అతిగా ఆలోచించడం. మన అమ్మలు అనరూ, "ఏంటో వీడు ఊరికే ఆలోచిస్తున్నాడు, మనిషి పాడైపోతున్నాడు" అని? అదే మాట!

ఇక ఆ బల్ల మీద ఏం జరుగుతుందో చూడండి. మొదట 14 ప్రశ్నలు అడుగుతారు. తర్వాత మనిషి తన కష్టాలన్నీ చెప్పుకుంటాడు, దీన్ని వాళ్లు మనసు తెరవడం అంటారు. అన్నిట్లోంచి ఒక్కదాన్ని ఎంచుకోమంటారు. ఏది ఎంచుకోవాలో అమ్మమ్మ చెప్పదు, వచ్చిన మనిషే ఎంచుకోవాలి. దానికి ఈ వారం చేయగలిగిన చిన్న పని ఒకటి అనుకుంటారు. వచ్చే వారం మళ్లీ బల్ల దగ్గరికి వచ్చి ఏమైందో చెప్పాలి. ఇలా ఆరు సార్ల దాకా. ఆ తర్వాత ఒక గుంపులో చేరొచ్చు, అక్కడ అందరూ కూర్చుని వాడేసిన ప్లాస్టిక్‌తో సంచులు అల్లుకుంటూ మాట్లాడుకుంటారు. అది చదివినప్పుడు నాకు వెల్లుల్లి వాసన వచ్చిందంటే నమ్మండి.

ఇదంతా బాగుంది గానీ పనిచేసిందా అంటారు. 24 క్లినిక్‌లలో 573 మందిని రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుని మాత్రమే బల్ల దగ్గర కూర్చోబెట్టి పరీక్షించి చూశారు, ఆ ఫలితాలు 2016 డిసెంబర్‌లో అమెరికా వైద్యుల సంఘం వాళ్ల జర్నల్లో వచ్చాయి. ఆరు నెలల తర్వాత చూస్తే, బల్ల మీద కూర్చున్నవాళ్లలో డిప్రెషన్ లక్షణాలు మిగిలినవి 14 శాతం మందికి, రెండో గుంపులో 50 శాతం మందికి. నన్ను ఆపేసిన సంగతి ఏంటంటే, ఆ రెండో గుంపుని గాలికి వదిలేయలేదు. వాళ్లకి మామూలు వైద్యం ఇచ్చారు, పైగా ఈ సమస్య గురించి సమాచారం, అవగాహన అన్నీ ఇచ్చారు. అంటే మన కాలేజీలు ఏడాదికోసారి సెమినార్ హాల్లో పెట్టే అవగాహన సదస్సు లాంటిది అందినవాళ్లతో పోల్చినా, బల్ల దగ్గరున్న మనిషి ఇంత తేడా తెచ్చింది.

దీనికి మనకీ చుట్టరికం ఉంది. ఆ 14 ప్రశ్నల వెనక ఉన్నది మన దేశం వాడైన డాక్టర్ విక్రమ్ పటేల్, 90ల్లో హరారేలో పనిచేసినప్పుడు తయారుచేశారు. ఆయనే తర్వాత గోవాలో సంగత్ అనే సంస్థ పెట్టినవాళ్లలో ఒకరు. అక్కడా డాక్టర్లు కాని మామూలు మనుషులకి శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కూర్చోబెట్టారు.

ఇక్కడ ఒక మాట. "అంతేగా, మా ఊళ్లో అరుగు మీద ముసలమ్మలు చేసేది ఇదే" అని కింద కామెంట్ పెట్టడానికి రెడీ అవుతున్నారు కదా కొందరు, ఆగండి. అరుగు మీద చెప్పిన సంగతి సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. ఆ అమ్మమ్మలకి శిక్షణ ఉంది, చెప్పింది కడుపులో పెట్టుకోవాలన్న నియమం ఉంది, ప్రాణం మీదకి వచ్చేలా ఉన్న మనిషిని వెంటనే పైవాళ్ల దగ్గరికి పంపాలని తెలుసు, అవసరమైతే వాళ్లు అడగడానికి వెనక నిపుణులు ఉన్నారు. మా ఆయమ్మకి ఇవేమీ లేవు. నా అదృష్టం కొద్దీ నాది ఒక్క ఫిజిక్స్ సమస్య. నా స్థానంలో ఇంకా లోతుగా మునిగిపోయిన పిల్లాడు ఉంటే ఆవిడ ఒక్కతే ఏం చేయగలదు? ఎవరికి చెప్పాలో కూడా ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో లెక్కల్లో 2022 ఒక్క ఏడాదిలోనే ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13 వేల పైన. కాబట్టి ఇది మంచావిడల మీద వదిలేసే సంగతి కాదు.

నా గొడవ ఏంటంటే, కాలేజీలు ఒక కౌన్సెలర్‌ని పెట్టాం అని బోర్డు రాస్తాయి, వేల మంది పిల్లలకి ఒక్కరు. ఆ ఒక్కరూ ఉండాలి, కాదనను. కానీ కంచంలో అన్నం మిగిలిందని చూసే మనిషి, రాత్రి రెండింటికి బాత్రూమ్ దగ్గర ఏడుపు వినే వాచ్‌మన్, వీళ్లకి కూడా నేర్పాలి, దానికి జీతంలో నాలుగు రూపాయలు కలపాలి, ఎవరికి ఫోన్ చేయాలో నంబర్ చేతికివ్వాలి. మెస్ ఆయమ్మ పిల్లల మాట వినడం కూడా డ్యూటీలో భాగం అని ఒక్క కాలేజీ రాసుకున్నా చాలు, మిగతావాళ్లు సిగ్గుపడి రాసుకుంటారు.

మీలో ఎవరికైనా ఇప్పుడు బాగా బరువుగా ఉంటే 14416కి ఫోన్ చేయండి. టెలీమానస్ అని, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇక కామెంట్ల సంగతి. మీ కాలేజీలో కౌన్సెలర్ రూమ్ ఎక్కడుందో రాయండి. ఉంటే, దాని తాళం ఎవరి దగ్గరుందో కూడా కనుక్కుని రాయండి. వచ్చే వీడియోలో అవన్నీ చదువుతాను.