యూనిఫాం రూల్లో ఆ వాక్యం ఎందుకు?
(చెన్నై టి. నగర్‌లో తెలుగు ఉద్యోగినుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, హాలు ఇచ్చిన తెలుగు సంఘానికి, ఆదివారం కూడా సెలవు లేక గంట పర్మిషన్ అడిగి వచ్చిన బట్టల షాపుల అక్కచెల్లెళ్లకు, ఓఎమ్మార్ నుంచి ఇంత దూరం వచ్చిన ఐటీ అమ్మాయిలకు, ముందు వరసలో ఉన్న హెచ్చార్ అధికారులకు వందనాలు. మగవాళ్లూ వచ్చారు, సంతోషం. దయచేసి లేచి వెళ్లకండి. చాలాచోట్ల రూల్సు రాసేది మీరే.

కార్డులో నా అంశం ‘పనిచోట వస్త్రధారణ’ అని వేశారు. నేను మాట్లాడేది బ్రా గురించి. కొన్ని యూనిఫాం రూల్సులో ‘ఆడవారికి తగిన లోదుస్తులు తప్పనిసరి’ అని ఒక వాక్యం పెడతారు. దాన్ని కొట్టెయ్యమని అడగడానికే ఇక్కడ నిలబడ్డాను.

ఆడమనిషి ఉద్యోగం చెయ్యాలంటే బ్రా వేసుకోవాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పలేదు. పైబట్ట శుభ్రంగా ఉండాలి, మరీ పలచగా ఉండకూడదు, మిషన్లో చిక్కుకోకూడదు అని యాజమాన్యం అడగొచ్చు. అది మగవాళ్లకూ వర్తించే మాటే. లోపల ఏం వేసుకుందో చూడడం సూపర్వైజరు పని కాదు. చూసి అసభ్యంగా మాట అన్నాడా, అది 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం కిందికి వస్తుంది. 10 మంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండి తీరాలి. జరిగిన 3 నెలల లోపు కాగితం మీద రాసి ఇవ్వాలి. నోటిమాటగా చెప్పి ఊరుకోకండి. తేదీ, చోటు, అన్న మాట అన్నట్టుగా రాయండి.

ఎదుటి పక్షం మాట కూడా చెబుతాను. జర్మనీలో విమానాశ్రయ తనిఖీ సిబ్బంది కేసులో కొలోన్ కార్మిక అప్పీలు కోర్టు 2010లో, బ్రా గానీ లోబనియన్ గానీ వేసుకోమని యాజమాన్యం అడగొచ్చంది. గమనించండి, అక్కడ కూడా బనియన్ చాలు. నా మటుకు నాకు ఆ తీర్పు కూడా నచ్చలేదు.

ఈ తమిళనేల పక్కనే జరిగిన సంగతి ఒకటి ఉంది. తిరువితాంకూరు (ట్రావన్‌కోర్) సంస్థానంలో నాడార్ కులం స్త్రీలు రవిక తొడిగితే పై కులాలవాళ్లు చింపేశారు. దశాబ్దాలు పోరాడారు వాళ్లు. మద్రాసు గవర్నరు ట్రెవెల్యన్ ఒత్తిడి చేశాక, 1859 జులైలో మహారాజు ఛాతీ కప్పుకోవచ్చని ప్రకటన ఇచ్చాడు. ఇస్తూ, పై కులాల ఆడవాళ్ల తరహాలో మాత్రం కాదని మెలిక పెట్టాడు! అప్పుడు కప్పుకోవద్దన్నారు, ఇప్పుడు రెండు పొరలు కప్పుకోమంటున్నారు. రెండుసార్లూ ఆమెను ఎవరూ అడగలేదు.

సరే, ఆరోగ్యం. బ్రా వేస్తే రొమ్ము క్యాన్సర్ వస్తుందని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. అమెరికాలో సియాటెల్ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో అలాంటి సంబంధమేదీ కనబడలేదు. రోజుకు ఎన్ని గంటలు వేసుకున్నా, వైరు ఉన్నా లేకున్నా తేడా లేదు. వేసుకోకపోతే జారిపోతాయన్న భయం కూడా వదిలెయ్యండి. వయసు, కాన్పులు, బరువు పెరగడం తగ్గడం, పొగతాగడం, వీటి ప్రభావం ఎక్కువ. బరువైన రొమ్ములున్నవాళ్లకు, మెట్లెక్కి దిగే పని, బరువులెత్తే పని చేసేవాళ్లకు బ్రా సుఖం. సుఖంగా ఉంటే వేసుకోండి.

కానీ సరైన సైజు ఎక్కడ దొరుకుతోంది? నిర్వాహకులు గడియారం చూస్తున్నారు, తెలుసు. ఈ మాట మాత్రం పూర్తిగా చెప్పనివ్వండి.

రొమ్ముల కింద టేపు నేలకు సమాంతరంగా, ఊపిరి వదిలి, ఒంటికి ఆనించి చుట్టండి. 74 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి. 73 నుంచి 77 దాకా వస్తే ఒంటి చుట్టూ తిరిగే పట్టీ సైజు 75, మన షాపుల లెక్కలో 34. ఇప్పుడు ఛాతీ నిండుగా ఉన్నచోట కొలవండి, బిగించకుండా. 91 వచ్చింది. తేడా 17. తేడా 12 నుంచి 14 అయితే ‘ఏ’ సైజు కప్పు, 16 దాకా ‘బీ’, 18 దాకా ‘సీ’, 20 దాకా ‘డీ’. అంటే ఈమెది 34సీ. కంపెనీకీ కంపెనీకీ కాస్త తేడా ఉంటుంది, పెట్టె వెనక పట్టిక చూడండి.

కౌంటర్లో ఏమంటారు? ‘సీ లేదమ్మా, 36బీ తీసుకోండి, సరిపోతుంది.’ కప్పు నిజంగానే సరిపోతుంది, ఆ రెంటి కప్పులూ ఒకే పరిమాణం. మోసమంతా పట్టీలో ఉంది. బరువు మోయాల్సింది పట్టీ, భుజం తాళ్లు కాదు. పట్టీ వదులైతే వెనక పైకి పాకుతుంది, ముందు కిందికి దిగుతుంది. ఆమె తాళ్లు బిగిస్తుంది. భుజాల మీద గాడి పడుతుంది, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. పదేళ్లు ఇలా గడిపి ‘బ్రా అంటేనే నొప్పి’ అనుకుంటారు. తప్పు మీ ఒంటిది కాదమ్మా! షాపుల యజమానులు ఇక్కడున్నారు కాబట్టి అడుగుతున్నాను. సీ, డీ కప్పులు తెప్పించండి. కొలవడానికి ఒక అమ్మాయిని, వేసి చూసుకోవడానికి ఒక గదిని పెట్టండి.

కొత్తది కొన్నప్పుడు చివరి హుక్కు, అంటే అన్నిటికన్నా వదులుదానికి సరిపోవాలి. ఎలాస్టిక్ సాగే కొద్దీ లోపలి హుక్కులకు మారొచ్చు. పట్టీ కింద రెండు వేళ్లు పట్టాలి, పిడికిలి పట్టకూడదు. వైరు పక్కటెముక మీద ఉండాలి, రొమ్ము మీద గుచ్చుకోకూడదు. ఒకటే రోజూ వేస్తే ఎలాస్టిక్ త్వరగా పోతుంది, మూడింటిని మార్చి మార్చి వాడండి. వేణ్ణీళ్లు, బ్లీచింగు వద్దు. పిండకుండా నీడన ఆరేయండి.

ఇక మన చెన్నై ఉక్క. పాలిస్టర్ యూనిఫాం కింద స్పాంజి కప్పు, ఆ కింద చెమట. రొమ్ము కింద మడత ఒరుసుకుపోయి ఫంగస్ పడుతుంది. మధ్యాహ్నం తుడుచుకుని పొడి నూలుది మార్చుకుంటే చాలావరకు తగ్గుతుంది. మెడికల్ షాపులో స్టెరాయిడ్ కలిసిన ట్యూబు అడిగి రాయకండి, ముందు తగ్గినట్టే ఉండి మళ్లీ మొండిగా వస్తుంది. డాక్టరుకు చూపించండి. మార్చుకోవడానికి గడియ ఉన్న గది కావాలి కదా. ఎన్ని షోరూముల్లో ఉంది? అమ్మేవాళ్లకు కుర్చీ ఇవ్వాలని 2021లో తమిళనాడు చట్టం సవరించాల్సి వచ్చింది, గది సంగతి చెప్పేదేముంది.

పాలిచ్చే తల్లికి బిగుతు పట్టీ ఇంకా ప్రమాదం. పాలు గడ్డకట్టి, వాచి, జ్వరం తెస్తుంది. 50 మంది, ఆపైన ఉన్నచోట శిశుసంరక్షణ గది ఉండాలని, తల్లి రోజుకు 4 సార్లు బిడ్డ దగ్గరికి వెళ్లొచ్చని, ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో వచ్చిన నియమం చెబుతోంది. అడగండి.

హెచ్చార్ గారూ, మీ రూల్సు పుస్తకంలో ఆ ఒక్క వాక్యం తీసి, ఆ జాగాలో గది, కుర్చీ, నూలు యూనిఫాం అని రాయండి. వచ్చే సభకు ఆ పుస్తకం తీసుకురండి.

టేపులు వెనక బల్ల మీద ఉన్నాయి. పక్కగదికి లోపల గడియ ఉంది. కొలతలు తీసే ఇద్దరమ్మాయిలకూ తెలుగు, తమిళం రెండూ వచ్చు. కొలత చీటీ మీద రాసిస్తారు, అది చేతిలో పెట్టుకునే షాపుకు వెళ్లండి.