అయ్యగారి బియ్యం బుట్ట

శ్రోతలకు నమస్కారం.

పోయిన ఏడాది వానాకాలంలో మా అయ్యగారు కన్నుమూశారు. పాలకొల్లుకి దగ్గర్లో, కాలవ గట్టునున్న ఒక పల్లెకి కుర్రతనంలో పాస్టరుగా వచ్చి, ముసలితనం దాకా అక్కడే ఉండిపోయిన మనిషి. పేపర్లో ఫొటో పడేంత పేరున్నవారేం కాదు. కానీ చుట్టుపక్కల ఊళ్ళలో ఇవాళ సేవ చేస్తున్న చాలామందిమి ఆయన సైకిలు వెనక కూర్చుని పని నేర్చుకున్నవాళ్ళమే. ఆయన గురించి మాట్లాడమంటే సరేనన్నాను గానీ, ఒక ఇబ్బంది ఉంది. పోయినవాళ్ళని పొగడడం ఆయనకి బొత్తిగా గిట్టేది కాదు. "వాడెలాంటివాడో ఊరందరికీ తెలుసు. నువ్వు కొత్తగా చెప్పేదేముంది? ఏడుస్తున్నవాళ్ళతో మాట్లాడు" అనేవారు.

భూస్థాపన దగ్గర ఎలా మాట్లాడాలో ఆయన చెప్పినట్టు ఏ బైబిల్ కాలేజీలోనూ చెప్పరు. మాది పల్లపు నేల. సార్వా ఊడ్పుల రోజుల్లో మూడడుగులు తవ్వితే చాలు, ఊట మొదలవుతుంది. గొయ్యి తవ్విన కుర్రాళ్ళే బకెట్లు పట్టుకుని, పెట్టె దించేదాకా తోడుతూనే ఉండాలి. అవతల వాన. ఇవతల పాస్టరు గారు బైబిల్ తెరిచి అరగంట వాక్యం అందుకుంటే ఆ కుర్రాళ్ళ గతేంటి? "అబ్బాయ్, తోడేవాడి చేతుల వంక చూస్తా మాట్లాడు. వాడు అలిసిపోకముందే ఆమెన్ చెప్పెయ్" అనేవారు అయ్యగారు. తెల్లబట్టలు బురదవుతాయని దూరంగా నిలబడే పాస్టర్లంటే ఆయనకి ఒళ్ళు మంట. తన లుంగీ, తువ్వాలు సంచిలో పెట్టుకుని వెళ్ళేవారు. ప్రార్థన ముగిశాక లుంగీ కట్టుకుని ఆయనా రెండు పారలు మట్టి వేసేవారు.

గోదావరి డెల్టాలో ఈ క్రైస్తవ పరిచర్యకి పెద్ద చరిత్రే ఉంది. దంతవైద్యం వదిలేసి మిషనరీ అయిన ఆంటొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట, 1836లో ఇంగ్లండు నుంచి విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు భార్యలతో సహా ఓడెక్కి వచ్చారు. నెలనెలా జీతం పంపే సొసైటీ ఏదీ వాళ్ళ వెనక లేదు. బీర్ కుటుంబం నర్సాపురంలో, బౌడెన్ కుటుంబం పాలకొల్లులో స్థిరపడ్డాయి. అదే తర్వాత గోదావరి డెల్టా మిషన్ అయింది. 1847లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెడితే, ఆ పనికి చేరిన కూలీల మధ్యకీ వీళ్ళు వెళ్ళారు. రాజమండ్రిలో లూథరన్లు, 1874 నుంచి కాకినాడలో కెనడా బాప్టిస్టులు, 1938లో దేవదాసు అయ్యగారు రాజమండ్రిలో మొదలుపెట్టిన బైబిల్ మిషన్, ఇలా ఒక్కో పాయ ఒక్కో వైపు సాగింది.

ఈ చరిత్రంతా మా పాస్టరు అయ్యగారికి కంఠతా వచ్చు. సైకిలు తొక్కుతూ చెప్పేవారు. చెప్పి, చివర్లో మమ్మల్ని పరీక్ష చేసేవారు. "బౌడెన్ దొరకి తెలుగు నేర్పిందెవరు? కాలవ గట్టు మీద తాడు పట్టుకుని దొరల పడవ లాగిందెవరు? వాళ్ళింట్లో వండిపెట్టిందెవరు?" మాకు తెలీదనేవాళ్ళం. "నాకూ తెలీదు. వాళ్ళ పేర్లు ఎవరూ రాయలేదు. రేపు నీ పేరూ రాయరు. ఆ సంగతి ఇష్టమైతేనే ఈ పనిలో ఉండు" అనేవారు. ఆ మాటకి జడిసి మానేసినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళని ఆయన ఎప్పుడూ తప్పు పట్టలేదు.

ఇక బియ్యం సంగతి. క్రైస్తవుల ఇళ్ళలో పిడికెడు బియ్యం అని ఒక ఆనవాయితీ ఉంది. ఎసట్లో బియ్యం పోసేముందు ఆడవాళ్ళు ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేస్తారు. వారమంతా పోగైంది ఆదివారం మందిరానికి తెచ్చి బుట్టలో పోస్తారు. మా ఊరి మందిరంలో ఆ బుట్ట పట్టుకునేది అయ్యగారే. సంఘ పెద్దలు ఎన్నిసార్లడిగినా ఇంకొకరికి ఇచ్చేవారు కాదు. చందా డబ్బులు మాత్రం చేత్తో ముట్టుకునేవారు కాదు, ముగ్గురు కూర్చుని లెక్కపెట్టి పుస్తకంలో రాయాల్సిందే. మరి బియ్యం దగ్గర ఈ పట్టుదల దేనికని నాకు చాలాకాలం అర్థం కాలేదు.

ఆయన ఆ బియ్యాన్ని చదివేవారు. మారుటేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ రకం బియ్యం తెచ్చే ఇల్లు ఏదో, సన్నబియ్యం తెచ్చే ఇల్లు ఏదో, రేషన్ బియ్యం ఎవరిదో ఆయనకి తెలుసు. ఎప్పుడూ స్వర్ణ పోసే ఇల్లాలు ఒక ఆదివారం రేషన్ బియ్యం పోసిందంటే, లేదా సంచి సగమే నిండిందంటే, ఆయన ఏమీ అనేవారు కాదు. బుట్ట కాస్త కదిపి కలిపేసేవారు. సోమవారం పొద్దున్నే సైకిలు ఆ ఇంటి ముందు ఆగేది. చూస్తే కువైట్‌లో పనిచేస్తున్న కూతురి దగ్గర్నుంచి డబ్బు రాకపోవడమో, మనిషికి పని దొరక్కపోవడమో, ఆస్పత్రి ఖర్చో ఉండేది. ఇంట్లో ఆడవాళ్ళు అరుగు మీద లేసు అల్లుతుంటే లేవనిచ్చేవారు కాదు. "కానివ్వమ్మా, చేతులు ఆపకు, నోటితో చెప్పు" అని మెట్టు మీద కూర్చునేవారు. బియ్యం పెరిగిన ఇంటికీ వెళ్ళేవారు లెండి, టీ తాగడానికి.

ఆ కలగలుపు బియ్యమే ఆయనింట్లో వండేవారు. నాలుగు రకాలు ఒక్క గిన్నెలో ఉడికితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఒక మెతుకు పలుకు, ఇంకోటి ముద్ద. నేను చాలాసార్లు తిన్నాను. ఇక్కడ ఆయన భార్య, అమ్మగారి మాట చెప్పకపోతే అన్యాయం. సోమవారం తిరుగుళ్ళలో అయ్యగారు ఆ బియ్యంలో సగం ఎవరికో పోసి వచ్చేవారు. మిగిలిన దాంతో వారం గడపాల్సింది ఆవిడ. చెప్పకుండా వచ్చే మాలాంటి కుర్రాళ్ళకి వడ్డించిందీ ఆవిడే. ఊళ్ళో అందరూ ఆయన్ని దొడ్డ మనసన్నారు. ఆ దొడ్డ మనసుకి సర్దుబాటు మాత్రం వంటగదిలో జరిగింది. ఆవిడ పోయాక ఒకసారి ఈ మాట ఆయనతోనే అన్నాను. "నిజమేరా" అని ఊరుకున్నారు.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడ్డ తుఫాను చాలామందికి గుర్తుండే ఉంటుంది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి చోట్ల వేటకెళ్ళినవాళ్ళు ఎందరో తిరిగి రాలేదు. కొబ్బరితోటలు తోటలుగా పడిపోయాయి. మేం రంపాలు, గొడ్డళ్ళు, బియ్యం బస్తాలతో నర్సాపురం రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కి అటు వెళ్ళాం. దారులకి అడ్డం పడ్డ చెట్లు నరికి తప్పించడం, వండి పెట్టడం, అదే పని. ఒక చోట అన్నానికి జనం వరసలో నిలబడితే మాలో ఒక కుర్రాడు సువార్త చెప్పడం మొదలుపెట్టాడు. అయ్యగారు గరిటె పట్టుకునే వచ్చి వాణ్ణి ఆపారు. "ఆకలి మీదున్నవాడు దేనికైనా తలూపుతాడు. అది నమ్మకం కాదు. ముందు వడ్డించు" అన్నారు. ఏ వీధి, ఏ కులం, ఏ దేవుడు అని అక్కడ ఎవర్నీ అడగనివ్వలేదు. మత ప్రచారం గురించి ఎవరెన్ని వాదనలు చేసినా నాకు ఆ గరిటె పట్టుకున్న చెయ్యే ముందు గుర్తొస్తుంది.

ఆయనలో మొండితనం లేదనను. కీబోర్డు రిథమ్స్ మీద పాడితే చికాకుపడేవారు. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు రాగం చెడకుండా, హార్మోనియం, తబలాతోనే పాడాలనేవారు. కుర్రాళ్ళు వినలేదు. షుగరు ఉందని డాక్టరు చెబితే ఆయనా వినలేదు.

ఆయన భూస్థాపన రోజునా వానే. మాట్లాడడానికి పాస్టర్లు వరస కట్టారు. బకెట్లు తోడుతున్న కుర్రాడొకడు తలెత్తి, "అయ్యగారే ఉంటే మిమ్మల్ని ఎప్పుడో ఆపేద్దురండీ" అన్నాడు. అంత దుఃఖంలోనూ జనం నవ్వారు. తర్వాత అన్నీ త్వరగానే అయిపోయాయి.

నేనిప్పుడు రాజోలు వైపు ఒక సంఘంలో ఉంటున్నాను. ఇక్కడ పిడికెడు బియ్యం తెచ్చేవాళ్ళు తగ్గిపోయారు. కోడళ్ళు ఆదివారం ఉదయమే ఫోన్‌పేలో వంద పంపేస్తున్నారు. తప్పేం లేదు, లెక్కకి సులువు. కాకపోతే ఆ వంద చూస్తే ఇంట్లో ఏం జరుగుతోందో తెలీదు. గల్ఫ్ నుంచి తల్లి పంపింది అయినా వందే, వడ్డీకి తెచ్చింది అయినా వందే. అందుకని సోమవారం నుంచి వరసపెట్టి అన్ని ఇళ్ళకీ తిరుగుతున్నాను. ఒక్కరోజులో అయ్యే పని కాదు. ఈ వారం కాలవ అవతలి వీధి ఇంకా మిగిలే ఉంది.

సెలవు.