తిలంగాల వారసులు

శ్రోతలకు నమస్కారం. పద్దెనిమిదవ శతాబ్దంలో ఉత్తరాదివారు ఈస్టిండియా కంపెనీ సిపాయిని ‘తిలంగా’ అని పిలిచేవారు. క్లైవు బెంగాలుకు తీసుకువెళ్ళిన తొలి సిపాయిలలో తెలుగుదేశం వారుండడం వల్ల పుట్టిన ఆ పేరు, తరువాత తెలుగుతో ఏ సంబంధమూ లేని సిపాయిలకు కూడా స్థిరపడిపోయింది. ఆ దక్షిణాది సిపాయిల పరంపరకు చెందినదే భారత సైన్యపు పదాతి దళాలలో అత్యంత ప్రాచీనమైన మద్రాస్ రెజిమెంటు.

ఫ్రెంచివారితో పోరు ముదిరిన 1758లో, అంతవరకు విడివిడిగా ఉన్న సిపాయి జట్లను కంపెనీ సేనాని స్ట్రింజర్ లారెన్స్ బెటాలియన్లుగా కూర్చాడు. 1803లో మరాఠాలతో జరిగిన అస్సయే యుద్ధంలో చూపిన పరాక్రమానికి లభించిన ఏనుగు గుర్తును రెజిమెంటు నేటికీ తన చిహ్నంలో ధరిస్తోంది. అయితే ఈ సిపాయిలను కేవలం విధేయులుగా తలచడం పొరపాటు. నుదుటి బొట్టు చెరిపి, చెవిపోగులు తీసి, తోలు తురాయి ఉన్న కొత్త తలపాగా పెట్టుకోవాలన్నప్పుడు మద్రాసు సైన్యపు సిపాయిలే 1806 జూలై 10న వెల్లూరు కోటలో తిరగబడ్డారు. 1857కు అది అర్ధశతాబ్దం ముందటి మాట.

ఇంతటి చరిత్ర ఉన్నవారిని ‘యోధజాతులు’, అంటే పుట్టుకతోనే యుద్ధానికి తగినవారని బ్రిటిషువారు ఎంచిన వర్గాలు, కారంటూ పక్కకు నెట్టడం నన్ను ఎప్పుడూ బాధిస్తుంది. పంతొమ్మిదవ శతాబ్ది చివర సైన్యాధిపతిగా ఉన్న లార్డ్ రాబర్ట్స్ దక్షిణాదివారికి యుద్ధపటిమ లేదని నమ్మాడు. ఆ నమ్మకం పాలకులలో పాతుకుపోయి పాత మద్రాసు పటాలాలు ఒక్కొక్కటిగా రద్దయ్యాయి. రెండవ ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చి మనుషులు అవసరమైనప్పుడు గాని రెజిమెంటుకు మళ్ళీ ప్రాణం రాలేదు.

స్వాతంత్ర్యానంతరం తిరువాన్కూరు సంస్థానపు నాయరు సేన కూడా ఇందులో కలిసింది. నేడు నీలగిరులలోని వెల్లింగ్టన్‌లో తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ యువకులు ఒకే వరుసలో శిక్షణ పొందుతారు. వారి ధ్యేయవాక్యం గీతలోని ‘స్వధర్మే నిధనం శ్రేయః’. వారి రణనినాదం ‘వీర మద్రాసీ, అడి కొల్లు, అడి కొల్లు’. కొట్టు, చంపు అని దాని అర్థం.

2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో, పంతొమ్మిది వేల అడుగులకు పైబడిన ఎత్తున, ఈ రెజిమెంటు 19వ బెటాలియన్‌కు చెందిన శిబిరంపై మంచు విరుచుకుపడి పదిమందిని కప్పివేసింది. ఆరు రోజుల తరువాత మంచు తవ్వగా ధార్వాడ జిల్లాకు చెందిన లాన్స్ నాయక్ హనుమంతప్ప ప్రాణాలతో కనిపించాడు. ఫిబ్రవరి 11న ఢిల్లీలో కన్నుమూశాడు. ఆ పదిమందిలో ఒకరు మన కర్నూలు జిల్లావాడు.