నేలమాళిగలోంచి వచ్చిన పత్రిక

మిత్రులందరికీ నమస్కారం. ఇవాళ బాగ్‌లింగంపల్లికి కావాలనే కాచిగూడ మీదుగా వచ్చాను. ఎందుకో తర్వాత చెప్తాను.

ఇవాళ్టి మాట ఫ్రెంచి విప్లవ కాలపు పత్రికా సంపాదకుడు జా పాల్ మరా గురించి. ఆయన 1743లో, ఇప్పటి స్విట్జర్లాండ్‌లోని బూద్రీ అనే ఊళ్లో పుట్టాడు. వృత్తి వైద్యం. లండన్‌లో ప్రాక్టీసు చేశాడు. పారిస్‌లో రాజుగారి తమ్ముడి అంగరక్షకులకు డాక్టరయ్యాడు. కాంతి మీద, నిప్పు మీద ప్రయోగాలు చేస్తే సైన్స్ అకాడమీ ఒప్పుకోలేదు. ఆ కడుపుమంటతోనే విప్లవంలో దూకాడని కొందరంటారు. నేను ఒప్పుకోను. విప్లవానికి పదిహేనేళ్ల ముందే, 1774లో, నిరంకుశ పాలన మీద పుస్తకం రాసినవాడాయన.

1789 సెప్టెంబరులో పత్రిక పెట్టాడు. పేరు ‘ప్రజా మిత్రుడు’. చిన్న సైజు, మామూలుగా ఎనిమిది పేజీలు. దాదాపు అంతా ఒక్కడే రాసేవాడు. మూడు రోజుల కూలికి సమానమైన పన్ను కట్టేవాడికే ఓటు అని కొత్త అసెంబ్లీ తేల్చినప్పుడు, మరి కూలివాడి సంగతేమిటని నిలదీశాడు. అరెస్టు వారెంట్లు వచ్చాయి. ప్రెస్సు సామాను జప్తు చేశారు. నేలమాళిగల్లో దాక్కుని రాశాడు. రాజు పారిపోతాడని పదే పదే హెచ్చరించాడు. 1791 జూన్‌లో రాజు నిజంగానే పారిపోయి దొరికిపోయాడు.

నాకు బాగా ఇష్టమైన సంచిక కూడా ఆ నెలదే. పారిస్‌లో సెయింట్ జెనెవీవ్ చర్చి కట్టడంలో పనిచేసే కూలీలు ఆయనకు ఉత్తరం రాశారు. కాంట్రాక్టర్లు మా చెమట మీద బలిశారని వాళ్ల ఫిర్యాదు. మరా దాన్ని అచ్చేశాడు. మేస్త్రీ కింద రాళ్లు మోసేవాడి మాట పేపర్లో రావడం అప్పట్లో ఎంత పెద్ద సంగతో ఆలోచించండి. పేదలు ఆయన్ని ఊరికే దాచలేదు.

ఇక నేను క్షమించలేనిది. 1790 జూలైలోనే, ఐదారు వందల తలలు తెగితే మీకు శాంతి, స్వేచ్ఛ దక్కుతాయని కరపత్రం రాశాడు. 1792 సెప్టెంబరులో పారిస్ జైళ్లలో వెయ్యికి పైగా ఖైదీల్ని గుంపులు చంపేశాయి. ఆ హత్యల్ని సమర్థిస్తూ, మిగతా ఊళ్లు కూడా ఇదే దారి పట్టాలని పంపిన సర్క్యులర్ మీద ఆయన పేరుంది. ఆ నెలలోనే కన్వెన్షన్‌కు, అంటే దేశపు కొత్త చట్టసభకు, ఎన్నికయ్యాడు. పేదల పక్షం అన్న ఒక్క కారణంతో దీన్ని దాటేసి ఆయన్ని పొగడటం నాకు చేతకాదు.

1793 జూలై 13. చర్మవ్యాధి బాధకి నీళ్ల తొట్టిలో కూర్చునే పనిచేస్తున్నాడు. షార్లెట్ కోర్డే అనే యువతి వచ్చి, కాన్ పట్టణంలో చేరిన ప్రత్యర్థి నాయకుల పేర్లు చెప్పింది. ఆయన రాసుకున్నాడు. ఆమె కత్తి దించింది. ఆయన చివరగా రాసింది కూడా పేర్ల జాబితానే. ఏడాది తర్వాత శవాన్ని పాంథియన్‌కు ఊరేగింపుగా తీసుకెళ్లారు. అంటే ఆ కూలీల ఉత్తరం వచ్చిన చర్చికే, దాన్ని అప్పటికి దేశ ప్రముఖుల సమాధి మందిరంగా మార్చారు. ఐదు నెలలు తిరక్కుండా 1795 ఫిబ్రవరిలో తీసేశారు.

ఇప్పుడు కాచిగూడ. 1948 ఆగస్టు 21 రాత్రి ‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రిక ఎడిటర్ షోయబుల్లా ఖాన్ ఆఫీసు నుంచి ఇంటికి వెళ్తుంటే రజాకార్లు కాల్చారు. రాసే చేతిని నరికారు. తెల్లారేలోపు పోయాడు. ముప్పై ఏళ్లు కూడా లేవు. ఆయన రాసిందల్లా హైదరాబాద్ ఇండియన్ యూనియన్‌లో కలవాలనే. మరా అంత కోపం ఆయనకూ ఉండే ఉంటుంది. కానీ ఎవరి తలా అడగలేదు. అందుకే మరా గురించి మాట్లాడాలంటే ముందు ఆ రోడ్డు మీద నడవాలనిపించింది.

మరా చనిపోయినప్పుడు పక్కనున్న పత్రిక కాపీలను ఆయన చెల్లెలు దాచింది. నెత్తుటి మరకతో ఒకటి పారిస్ నేషనల్ లైబ్రరీలో ఉంది. ‘ఇమ్రోజ్’ నడిచింది పట్టుమని పది నెలలు లేదు. మీ తాతల ట్రంకు పెట్టెల్లో ఆ ఏళ్ల ఉర్దూ కాగితాలు కనిపిస్తే, చదవడం రాదని పాత పేపర్లవాడికి వేయకండి. ముందు నాకు చూపించండి.