బయట బాత్రూం అంటే చంటిపిల్లలకు భయమెందుకు?

శ్రోతలకు నమస్కారం.

ఇంట్లో "అమ్మా, సుస్సు" అని చెప్పి మరీ వెళ్లే మూడేళ్ల పిల్ల, బస్టాండులోనో మాల్‌లోనో బాత్రూం గుమ్మం దాకా వచ్చి బిగుసుకుపోతుంది. వెనక జనం నిలబడి ఉంటారు, మనకేమో టెన్షన్. "ఇంట్లో వెళ్తావుగా, ఇక్కడేం రోగం?" అని కసిరేస్తాం. మొండితనం అనుకుంటాం కానీ, చాలాసార్లు అది భయమే. దేనికి భయమో కనిపెడితే సగం పని అయిపోయినట్టే.

కొందరికి పడిపోతామన్న భయం. కమోడ్ పెద్దవాళ్ల కొలతకు చేసింది. పిల్లలకు కాళ్లు నేలకు ఆనవు, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మన అమ్మమ్మలు పీట మీద కూర్చుని, రెండు పాదాలూ జోడించి, వాటి మీద బిడ్డను కూర్చోబెట్టుకుని "స్స్..." అనేవారు గుర్తుందా? బిడ్డకు వీపు వెనక ఆనుడు, చంకల కింద చేతులు. ఇక పడతానన్న బెంగ ఎక్కడిది? కమోడ్ మీదా అంతే. బిడ్డను వెనక్కి తిప్పి, ఫ్లష్ ట్యాంకు వైపు మొహం పెట్టి కూర్చోబెట్టండి. చేతులకు ట్యాంకు ఆసరా, వెనక మీరు.

ఇంకొందరికి చప్పుడు పడదు. వందే భారత్ రైళ్లలో ఫ్లష్ నొక్కగానే గాలి ఒక్కసారిగా లాగేస్తుంది, పెద్దవాళ్లమే ఉలిక్కిపడతాం. కొన్ని మాల్స్‌లో సెన్సర్ ఫ్లష్ ఉంటుంది. ఎదురుగా మనిషి ఉన్నదీ లేనిదీ అదే కనిపెడుతుంది. పిల్లలు చిన్నగా ఉంటారు కదా, కాస్త ముందుకు వంగితే చాలు, లేచి వెళ్లిపోయారనుకుని కూర్చుని ఉండగానే నీళ్లు వదిలేస్తుంది. అలా ఒక్కసారి జరిగితే ఆ పిల్ల మళ్లీ అటు వెళ్లమంటే ఎందుకు వెళ్తుంది? దీనికి మందు చాలా చవక. సెన్సర్ కన్ను మీద చిన్న కాగితం అంటించండి, బయటికొచ్చేటప్పుడు తీసేయండి. మామూలు ఫ్లష్ అయితే పిల్లకు బట్టలు సర్ది, గుమ్మం దాటించాకే నొక్కండి. కొన్నాళ్లకు "నేను నొక్కుతా" అని తనే ముందుకొస్తుంది.

చేతులు ఆరబెట్టే మిషన్ సంగతి చూడండి. కెనడాలో కాల్గరీకి చెందిన నోరా కీగన్ అనే బాలిక వీటి మోతను పిల్లల చెవుల ఎత్తులో కొలిచింది. కొన్ని మిషన్లు 100 డెసిబెల్స్ దాటాయి. 2019లో ఆ ఫలితాలు పిల్లల వైద్య పత్రికలో అచ్చయ్యాయి కూడా. అంటే పిల్లలు చెవులు మూసుకోవడం వేషాలు కాదన్నమాట. సంచిలో ఒక చేతిరుమాలు పెట్టుకుంటే ఆ గొడవే ఉండదు.

ఇక మనం చేతులారా నేర్పే భయం ఒకటుంది. నీళ్లలో ఆడుతుంటే బయటికి రప్పించడానికి "బాత్రూంలో బూచాడున్నాడు" అంటాం. తర్వాత ఆ బూచాడి దగ్గరికే వెళ్లమంటాం! "ఛీ, అది ముట్టుకోకు, గోడకు తగలకు" అని లోపలున్నంతసేపూ అరుస్తూనే ఉంటాం. నిజమే, మన బస్టాండుల్లో చాలాచోట్ల కంపు భరించలేం, పిల్లల తప్పేమీ లేదు. వీలైతే శుభ్రంగా ఉన్నచోటే చూసుకోండి, కారులో వెళ్తుంటే చిన్న పాటీ సీటు వెంట వేసుకోండి. అవసరం లేనప్పుడు కూడా ఓసారి తీసుకెళ్లి, చేతులు కడిగించి తీసుకొచ్చేయండి. ఆ రోజుకు అంతే చాలు.

ప్రయాణమని నీళ్లు తాగించడం మాత్రం మానకండి. రెంటికి ఆపుకున్నకొద్దీ గట్టిపడుతుంది, వెళ్తే నొప్పి పుడుతుంది, ఆ నొప్పికి జడిసి మళ్లీ ఆపుకుంటారు. ఒంటికి వెళ్లేటప్పుడు మంటని ఏడ్చినా, జ్వరం వచ్చినా, విరేచనంలో రక్తం కనిపించినా, ఇంట్లో కూడా వెళ్లనని మొరాయిస్తున్నా ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకు చూపించండి.

నమస్కారం.