మాట్లాడించడమే నా కొలువు

(ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం నాడు ఒడిశాలోని పర్లాకిమిడిలో చేసిన ప్రసంగం)

పెద్దలకు, మాస్టార్లకు, ముందు చాపల మీద కూర్చున్న పిల్లలకు నమస్కారం.

గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరిది. ఆయన పుట్టినరోజున ఇక్కడ నిలబడి మాట్లాడమన్నారు. "ఫ్రాన్సులో ఏడు నెలలు ఇంగ్లీషు చెప్పి వచ్చావు కదమ్మా, అదే చెప్పు" అన్నారు. అలాగే చెప్తాను. అయితే అక్కడున్నన్నాళ్ళూ నా మనసులో ఈ ఊరే తిరిగింది. అందుకని రెండూ కలిపే చెప్తాను.

ముందు ఆ కొలువేమిటో తెలియాలి. ఫ్రాన్సు ప్రభుత్వం ఏటా చాలా దేశాల నుంచి చదువుకున్న యువతీయువకులను తమ బడులకు పిలుస్తుంది. మన దేశం నుంచి కూడా. భాషా సహాయకులు అంటారు. అక్టోబరు 1 నుంచి ఏప్రిల్ 30 దాకా పని. వారానికి 12 గంటలు. కోతలు పోను చేతికి నెలకు సుమారు 800 యూరోలు వస్తాయి. మార్కులు వేసే పని లేదు, సిలబస్ పూర్తి చేసే బరువు లేదు. క్లాసు టీచరు ఆరేడుగురిని పక్కగదికి పంపిస్తారు. ఆ ఆరేడుగురి చేత ఇంగ్లీషులో నోరు తెరిపించాలి.

నోరు తెరిపించడానికి ఒక మనిషిని ఏడు నెలలు జీతమిచ్చి పోషించడమా అని మా నాన్న ఆశ్చర్యపోయారు. దానికొక చరిత్ర ఉంది. 19వ శతాబ్దం చివర ఐరోపాలో కొందరు భాషావేత్తలు, ఉపాధ్యాయులు ఒక మాట గట్టిగా పట్టుకున్నారు. భాష అంటే పుస్తకంలో అచ్చయినది కాదు, ముందు మనిషి నోట్లో పలికేది; పిల్లలకు వ్యాకరణ సూత్రాలు వల్లె వేయించడం కాదు, చెవికి వినిపించి నోటితో పలికించాలి అని. ఇంగ్లండులో హెన్రీ స్వీట్, డెన్మార్కులో ఒట్టో యెస్పర్సన్, ఫ్రాన్సులో పాల్ పాసీ ఆ దారిలోవాళ్ళు. 1902లో ఫ్రాన్సు తన బడుల్లో విదేశీ భాషలను ఈ ప్రత్యక్ష పద్ధతిలోనే చెప్పాలని ఆదేశించింది. మరి పలికి వినిపించే మనిషి కావాలి కదా? 1905లో సహాయకుల ఏర్పాటు మొదలైంది. నేను వెళ్ళింది ఆ ఏర్పాటు కిందే.

ఇప్పుడు ఆ తేదీలు పట్టుకుని మన ఊరికి రండి. అదే దశాబ్దంలో, 1907 ప్రాంతంలో, యేట్స్ అనే ఇంగ్లీషు అధికారి స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా ఈ వైపుకు వచ్చారు. బడిలో చెప్పే తెలుగు ఒకటి, బయట జనం మాట్లాడే తెలుగు ఒకటి, ఎందుకిలా ఉందని అడిగారు. పంతులుగారిని ఆ ప్రశ్న వదల్లేదు. ఆయన స్వీట్‌ని, యెస్పర్సన్‌ని చదివినవారు. వాడుక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం మనందరికీ తెలుసు. పారిస్‌లో ఏ ఆలోచన బడిలోకి వచ్చిందో, మహేంద్రతనయ ఒడ్డున అదే ఆలోచన ఒక చరిత్ర మాస్టారి బుర్రలో కదిలింది. ఈ సంగతి నాకు అక్కడికి వెళ్ళాకే అర్థమైంది. ఇక్కడుండగా ఆయన నాకు గోడ మీద ఫొటో, ఆగస్టులో ఒక దండ, అంతే. ఇది చెప్పడానికి నాకు బాధగానే ఉంది.

నన్ను వేసిన చోటు పడమటి కొసన, బ్రెతాన్ ప్రాంతంలో, మోర్లే అనే చిన్న ఊరు. పారిస్ నుంచి రైల్లో మూడు గంటల పైన. ఊరి మధ్యలో ఇళ్ళ కప్పుల మీదుగా ఎత్తయిన రాతి రైలు వంతెన. దిగగానే బోర్డు మీద రెండు పేర్లు కనిపించాయి, ఒకటి ఫ్రెంచిలో, ఇంకొకటి వేరే భాషలో. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. మనదీ రెండు పేర్ల ఊరే కదా. ఇంట్లో పర్లాకిమిడి, ఆఫీసు కాగితంలో పర్లాఖెముండి.

మొదటి మూడు వారాలు కష్టం. వెళ్ళాలనుకునే పిల్లలు ఇది చెవిన వేసుకోవాలి. ఇల్లు అద్దెకు కావాలంటే బ్యాంకు ఖాతా అడుగుతారు. ఖాతా తెరవాలంటే ఇంటి చిరునామా అడుగుతారు. రెండూ ఉన్నా, నీ తరఫున పూచీ ఉండే మనిషి ఎవరంటారు. ఆ దేశంలో నాకు పూచీ ఎవరుంటారు? ఒక ఇంటాయన తలుపు దగ్గరే నిలబెట్టి మాట్లాడి పంపేశాడు. 30 ఏళ్ళ లోపు వాళ్ళకు ప్రభుత్వం తరఫున ఉచితంగా పూచీ ఇచ్చే ఏర్పాటు ఉంది, 'విసాల్' అంటారు. నాకది ఆలస్యంగా తెలిసింది. మీరు ఇక్కణ్ణుంచే కంప్యూటరులో దరఖాస్తు పెట్టుకోండి. వీసాను ఆ దేశంలో అడుగు పెట్టిన మూడు నెలల్లోపు ఆన్‌లైనులో నమోదు చేసుకోవాలి, మరచిపోకండి. మొదటి జీతం వచ్చేదాకా తిండికి, అద్దెకు చేతిలో డబ్బుండాలి. మా అమ్మ గాజులు తాకట్టు పెట్టి ఇచ్చిన డబ్బుతో నేను ఆ నెల గడిపాను. అప్పు పెద్దదేం కాదు, తీర్చేశాను కూడా. కానీ అందరి అమ్మలకూ గాజులుండవు. అందుకే చెప్తున్నాను.

డిసెంబరులో అక్కడ పొద్దు పొడిచేది తొమ్మిదింటికి. చీకట్లో బడికి వెళ్ళి, సగం రోజులు చీకట్లోనే ఇంటికి వచ్చేదాన్ని. గొడుగుకు కూడా ఆనని తుంపర, రోజంతా. ఫోనులో అమ్మ "తిన్నావేటమ్మా? గొంతు అలగుందేటి?" అంటే తిన్నానని చెప్పి, పెట్టేశాక కాసేపు ఏడ్చేదాన్ని. మనకు రాత్రి తొమ్మిదిన్నరైతే వాళ్ళకు అయిదు. ఆ నాలుగున్నర గంటలు ఎంత దూరమో అక్కడుంటే తెలుస్తుంది.

ఇక బడి. వాళ్ళ 'కొలేజ్' అంటే కాలేజీ కాదు, మన హైస్కూలు వయసు, 11 నుంచి 15 ఏళ్ళ పిల్లలు. తరగతులు వెనక్కి లెక్కపెడతారు. ఆరులో చేరి, అయిదు, నాలుగు, మూడుకు వస్తారు. మార్కులు 20కి. ఆ పిల్లలకు ఇంగ్లీషు రాదనుకోకండి, రాస్తారు. మాట్లాడమంటే మాత్రం తల దించుకుంటారు. తప్పు పలికితే పక్కవాడు నవ్వుతాడని భయం. 'హౌస్' అనమంటే 'ఔస్' అంటారు, ఫ్రెంచిలో హకారం పలకరు కనుక. 'దిస్' వాళ్ళ నోట్లో 'జిస్' అవుతుంది. మన పిల్లలకు వేరే తిప్పలు, వాళ్ళకు వేరే తిప్పలు. భయం మాత్రం ఒకటే. ఆ దించుకున్న తలలు నేను ఎరుగుదును. మన బడిలో ఒడియా పంతులుగారు లేపి అడిగితే, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్ల ఎలా నిలబడుతుందో అలాగే నిలబడ్డారు వాళ్ళు. ఆ పిల్లని నేనే.

మొదటి వారం నేను చేసిన తప్పు, మౌనాన్ని భరించలేకపోవడం. ప్రశ్న అడిగి, జవాబు రాకపోతే నేనే చెప్పేసేదాన్ని. ముప్పావు గంటలో నలభై నిమిషాలు నా గొంతే. ఒక సీనియర్ టీచరు వెనక కూర్చుని చూసి, తర్వాత నెమ్మదిగా చెప్పింది: అడిగాక మనసులో పది లెక్కపెట్టు, అప్పుడూ రాకపోతే ఇంకో పది. ఆ ఇరవై అంకెలు నాకు అయిదేళ్ళ చదువు నేర్పనిది నేర్పాయి. పదకొండు దగ్గరో పదిహేను దగ్గరో ఎవరో ఒకరు గొంతు సవరించుకుంటారు.

బల్ల మీద వస్తువులు పెట్టేదాన్ని. మన కొమ్ము పనివాళ్ళు చేసిన కొంగ బొమ్మ ఒకటి తీసుకెళ్ళాను. ఇది దేనితో చేశారు, ఎవరు చేశారు, ఎంత ఖరీదుంటుంది, ఊహించి చెప్పండి అనేదాన్ని. గేదె కొమ్ము అని తెలియగానే వాళ్ళ ప్రశ్నలు ఆగలేదు. వ్యాకరణం అడ్డం రాలేదు, తెలుసుకోవాలన్న ఆత్రం దాన్ని దాటించేసింది. ఒక మూలన కూర్చునే అమ్మాయి ఆరు వారాలు పెదవి విప్పలేదు. ఒకరోజు నేను బోర్డు మీద ఒక ఇంటి బొమ్మ గీసి, మా ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, సినిమాలో హిందీ, పుస్తకంలో ఇంగ్లీషు అని నాలుగు గదులుగా చూపించాను. మీ ఇల్లు గీయండి అన్నాను. ఆ అమ్మాయి తన ఇంట్లో మూడు గదులు గీసింది. ఒక గదిలో టర్కీ భాష. ఆ భాషలో అమ్మమ్మ తనను ఏమని పిలుస్తుందో ఇంగ్లీషులో చెప్పింది. తర్వాత ఏప్రిల్ దాకా ఆ పిల్ల ఆగలేదు. ఆ గదికి తాళం వేసింది ఇంగ్లీషు కాదని నాకు ఆరోజు తెలిసింది.

ఇంకో టీచరు మొదట్లో నన్ను సూటిగా అడిగారు, "ఇంగ్లీషు నీ మాతృభాష కాదు కదా, నిన్నెందుకు పంపారు?" అని. అప్పుడు జవాబు తోచలేదు. ఇప్పుడు చెప్పగలను. ఇంగ్లీషులో పుట్టినవాడికి ఆ భాష ఎక్కడ గుచ్చుకుంటుందో గుర్తుండదు. నాకు ప్రతి ముల్లూ గుర్తే. మనలాంటి సరిహద్దు ఊళ్ళ పిల్లలు పుస్తకం తెరవకముందే బజారులో ఇంకో భాష నేర్చేస్తారు. పాతపట్నం బస్సులో తెలుగు, కూరల అంగడిలో ఒడియా, సంతలో సవర గిరిజనుల భాష. తప్పుగా మాట్లాడుతూనే పని జరుపుకోవడం, అవతలివాడి మొహం చూసి మాట మార్చుకోవడం మనకు పుట్టుకతో వచ్చిన చదువు. దాన్ని మనం చదువని అనుకోలేదు. డిగ్రీ కాగితం మీద అది రాదు. ఆ గదిలో నన్ను నిలబెట్టింది మాత్రం అదే.

నాకు చివరికి గది ఇచ్చిన ఇంటామె గురించి చెప్పాలి. ఎనభై దాటిన ముసలమ్మ. శుక్రవారాలు పెద్ద గుండ్రటి పెనం మీద నల్లగోధుమ పిండితో అట్లు పోసేది. మన చోడి (రాగి) అట్టు రంగే. చిన్న కర్రతో పిండిని గుండ్రంగా తిప్పే తీరు చూసి, మా నాయనమ్మ గరిటె వెనక వైపుతో తిప్పేదని చెప్పాను. ఆ మాట మీద స్నేహం కుదిరింది. ఒక రాత్రి తన బడి సంగతి చెప్పింది. ఆ ప్రాంతం సొంత భాష బ్రెతోన్. ఫ్రెంచికి చుట్టం కాదు, వేల్సు భాషకు చుట్టం. బడిలో ఎవరైనా బ్రెతోన్ మాట్లాడితే మెడలో ఒక చెక్కముక్కో పాత కొయ్యచెప్పో కట్టేవారు. ఇంకొకడు ఆ భాష మాట్లాడుతూ దొరికితే వాడికి అప్పగించాలి. సాయంత్రం ఎవరి మెడలో ఉంటే వాళ్ళకు శిక్ష. ఈమె తప్పించుకోవడానికి తన చెల్లెలిని పట్టిచ్చిందట. డెబ్బై ఏళ్ళ తర్వాత ఆ మాట చెప్తూ చేతులు వణికాయి. తన పిల్లలకు ఆ భాష నేర్పలేదు. నేర్పితే వాళ్ళ మెడకూ కడతారనుకుంది.

1951లో ఒక చట్టం వచ్చి ప్రాంతీయ భాషలను బడిలో కొంత చెప్పడానికి తొలిసారి ఒప్పుకుంది. 1977లో తల్లిదండ్రులు కలిసి 'దివాన్' పేరుతో బ్రెతోన్‌లోనే చెప్పే బడులు మొదలుపెట్టారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో సుమారు 10 లక్షల మంది మాట్లాడిన భాష అది. ఇవాళ 2 లక్షలమంది కూడా లేరు, ఉన్నవాళ్ళలో చాలామంది ముసలివాళ్ళు. మన దగ్గర ఎవరూ ఎవరి మెడలోనూ కొయ్యచెప్పు కట్టలేదు. ఒడియా నేర్చుకోవడం వల్ల నాకు మేలే జరిగింది, ఆ భాష అంటే నాకు ప్రేమ. కానీ తెలుగు అక్షరాలు నాకు తాతయ్య అరుగు మీద సుద్దముక్కతో దిద్దించకపోతే ఎవరు నేర్పేవారు? ఈ చాపల మీదున్న పిల్లల్లో ఎంతమంది ఇంట్లో తెలుగు మాట్లాడి, తెలుగు బోర్డు చదవలేకపోతున్నారో మాస్టార్లకు తెలుసు.

ఒక ఆదివారం వీడియోలో మా అమ్మను ఆమెకు చూపించాను. అమ్మ తెలుగులో మాట్లాడింది. ముసలమ్మ కాసేపు ఫ్రెంచిలో తడుముకుని, ఉన్నట్టుండి బ్రెతోన్‌లో అందుకుంది. పది నిమిషాలు. ఇద్దరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. చివర ఆమె "కెనావో" అంది, సెలవని. "అలాగేనమ్మా, జాగ్రత్త" అంది అమ్మ.

పంతులుగారు సవరలను ఇంట్లో ఉంచుకుని, వాళ్ళ నోటి నుంచి విని ఆ భాష నేర్చారు. వ్యాకరణం రాశారు, 1931లో అచ్చయింది. నిఘంటువు కూర్చారు. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు మనసు కష్టపడి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళాక సవర పిల్లల మాట విన్నవాళ్ళు మనలో ఎందరు? మా ఇంటి పక్క హాస్టల్లో సవర పిల్లలు ఉన్నారు. ఇరవై ఏళ్ళలో నేను వాళ్ళను ఒక్క మాట అడగలేదు.

మీలో ఎవరైనా అక్కడికి వెళ్ళాలనుకుంటే, ముందు ఫ్రెంచి కొంత నేర్చుకోండి. నేను హైదరాబాదులో అలియాన్స్ ఫ్రాన్సేజ్‌లో నేర్చుకున్నాను. దరఖాస్తు నింపడానికి సాయం కావాలంటే సాయంత్రాలు ఇంటికి రండి, డబ్బు లెక్కలతో సహా కూర్చుని చెప్తాను. ఆడపిల్లని ఒంటరిగా ఎలా పంపడం అని అడిగే తల్లులుంటే మా అమ్మతో మాట్లాడండి. ఆవిడ నాకంటే బాగా చెప్తుంది.

వచ్చే ఆదివారం పొద్దున్న ఏడింటికి మా అరుగు మీద పదిమంది పిల్లలతో కూర్చుంటున్నాను. పుస్తకాలు తేవద్దు. ఒక గంట ఇంగ్లీషులో మాట్లాడతాం, ఒక గంట తెలుగు అక్షరాలు. హాస్టల్ వార్డెను గారు ఇద్దరు సవర పిల్లలను పంపుతామన్నారు. వాళ్ళు మాకు సవర చెప్తారు. కొంగ బొమ్మ బల్ల మీద ఉంటుంది.